మునిగిన పడవకు, దిగిన మనిషికి

పాపికొండల నడుమ పారే గోదారికి నమస్కారం. ఆ గోదారి అడుగున ఒరిగిన పడవలకు నమస్కారం. ఆ పడవల కోసం సుళ్లలోకి తెడ్డేసిన వాళ్లకు, ఎర్రనీళ్లలోకి దిగిన వాళ్లకు మోకాళ్ల మీద వంగి నమస్కారం.

తెలుగువాళ్లం ఈ నదిని ఎన్ని పేర్లతో పిలుచుకున్నాం! గౌతమి అన్నాం, వశిష్ఠ అన్నాం, దక్షిణ గంగ అన్నాం. పుష్కరాల్లో మునిగి లేచాం. భద్రాద్రి రాముడి పాదాల దగ్గర పారే నీళ్లని దోసిట పట్టి తలమీద చల్లుకున్నాం. నది పైన తేలేవాటిని కళ్లారా చూసి పాడుకున్నాం. నది లోపలికి వెళ్లిపోయినవాటిని తలుచుకున్నది తక్కువ. వాటిని వెతకడానికి వెళ్లినవాళ్లను తలుచుకున్నది మరీ తక్కువ. ఈ స్తుతి వాళ్లది.

* * *

నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే తల్లీ, నీ నడకలో అతి కష్టమైన చోటు మా అడవి అంచునే ఉంది. ప్రాణహితను కలుపుకున్నావు, ఇంద్రావతిని కలుపుకున్నావు. పర్ణశాల దాటి, దుమ్ముగూడెం దాటి, భద్రాచలం దగ్గర కిలోమీటరు వెడల్పున పరుచుకున్నావు. కూనవరంలో శబరి వచ్చి నీ చెయ్యి పట్టుకుంది. అప్పటికి నీ నిండా మధ్య భారతపు అడవుల నీళ్లన్నీ ఉన్నాయి. సరిగ్గా అప్పుడే కొండలు ఎదురొచ్చాయి. తూర్పు కనుమలు దారి ఇవ్వం అన్నాయి. నువ్వు ఆగలేదు. కొండను కోసుకుంటూ వెళ్లావు.

రాజమహేంద్రవరం దగ్గర దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున పారే నది, పాపికొండల ఇరుకులో కొన్నిచోట్ల రెండు మూడు వందల మీటర్లలోకి ఒదగాలి. వెడల్పు పోయినచోట లోతు రావాలి, వేగం రావాలి. అందుకే ఇక్కడ నీటి కింద గుండాలున్నాయి. రాతి గోడను కొట్టి వెనక్కి తిరిగే నీళ్లు, ముందుకు దూకే నీళ్లు కలబడినచోట సుళ్లున్నాయి. వేసవిలో పచ్చగా, కదలికే లేనట్టు కనిపించే ఈ నీళ్లు ఆషాఢం రాగానే ఎర్రమట్టి రంగు తిరిగి, విరిగిన చెట్లను, కొట్టుకుపోయిన వెదురు పొదలను మోసుకుంటూ గర్జిస్తాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. రామాలయం చుట్టుపక్కల వీధుల్లో పడవలు తిరిగిన రోజులవి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా ఆ మూడు అంకెలూ నోటికి వచ్చు.

ఆ అంకెలకు అందని కొండల ఇరుకులో, నీ అసలు బలం ఎంతో తెలిసింది ఇద్దరికే. ఒకరు నీ మీద లాంచీ నడిపే సరంగు. ఇంకొకరు నీ ఒడ్డున పుట్టి నీలోనే ఈత నేర్చిన కొండరెడ్డి, కోయ బిడ్డ.

* * *

ఈ నీళ్ల మీద తిరిగిన పడవలన్నింటికీ నమస్కారం.

బండి బాటలు లేని రోజుల్లో ఈ అడవికి రోడ్డువి నువ్వే. శబరి మీదుగా, నీ మీదుగా కలప దుంగలు, వెదురు తెప్పలు రాజమహేంద్రవరం దిగాయి. ఉప్పు, బట్ట, కిరసనాయిలు ఎదురు ప్రవాహంలో మన్యానికి ఎక్కివచ్చాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ కన్ను అక్కడితో ఆగలేదు. నీ మీద ఆవిరి ఓడలు నడపాలని, మధ్య పరగణాల పత్తిని సముద్రం దాకా నీ భుజాల మీదే దించాలని కలగన్నాడు. రాళ్లు అడ్డొచ్చిన చోట ఆనకట్ట, పక్కనే కాలువ, కాలువకు లాకులు. హేగ్ అనే ఇంజినీరు దుమ్ముగూడెం దగ్గర ఆ పనికి కూర్చున్నాడు. మన్యం జ్వరాలు మనుషులను తిన్నాయి. డబ్బు కరిగిపోయింది. రైలు ముందుకొచ్చింది. 1871లో ప్రభుత్వం పని ఆపేసింది. ఆ ఆనకట్ట, ఆ కాలువ జాడ దుమ్ముగూడెంలో ఇప్పటికీ ఉన్నాయి. నీళ్లలో మునగకుండానే మునిగిపోయిన ఓడ అది. ఒడ్డున నిలబడి దాన్ని చూసినవాడికి, రాతిలో ఆగిపోయిన ఒక ప్రయాణం కనపడుతుంది.

1965లో భద్రాచలం వంతెన వచ్చేదాకా రాముడి కల్యాణానికి వచ్చే భక్తుడు నదిని పడవ మీదే దాటాడు. రాజమహేంద్రవరం నుంచి లాంచీ ఎక్కి, పాపికొండల గుండా, పేరంటాలపల్లి ఆశ్రమం దగ్గర ఆగి, భద్రగిరి చేరిన తరాలున్నాయి. 1973లో బాపు తీసిన 'అందాల రాముడు' ఆ లాంచీ ప్రయాణాన్ని తెలుగువాళ్లందరి ప్రయాణం చేసింది. చూడనివాళ్లు కూడా చూసినట్టు చెప్పుకునేంతగా ఆ దారి మనలో కలిసిపోయింది.

ఆ దారి పొడవునా, నీటి కింద, తిరిగిరాని లాంచీలున్నాయి. పాత తరం సరంగుల నోట ఉదయభాస్కర్ అనే లాంచీ పేరు ఇప్పటికీ వినపడుతుంది. అరవైల్లో, కొండల ఇరుకులోని కచ్చులూరు సుడిలో వెళ్లిపోయిందంటారు. 2018 మే 15న కొండమొదలు వైపు నుంచి రాజమహేంద్రవరం బయల్దేరిన లాంచీ మంటూరు దగ్గర గాలివానకు తలకిందులైంది. సంతకు, పనులకు వెళ్లే గిరిజనులు అందులో ఉన్నారు. వాన లోపలికి కొడుతుందని తలుపులు, కిటికీలు మూసుకున్నారు. మూసిన తలుపులే వాళ్లకు గోడలయ్యాయి. వాళ్లు విహారానికి వచ్చినవాళ్లు కారు. ఆ దారి తప్ప వేరే దారి లేనివాళ్లు. వాళ్ల పేర్లు పత్రికల్లో రెండు రోజులు కనిపించాయి. ఈ స్తుతిలో వాళ్లను మొదట తలుచుకోవాలి.

* * *

ఇక ఆ ఆదివారం.

2019 సెప్టెంబరు 15. గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి 'రాయల్ వశిష్ఠ' అనే పర్యాటక బోటు పాపికొండలకు బయల్దేరింది. అందులో 77 మంది. హైదరాబాద్ వాళ్లున్నారు, విశాఖ వాళ్లున్నారు. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి బంధువులు, స్నేహితులు కలిసి 14 మంది వచ్చారు. ఆ రోజు నదిలో ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారుతోంది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక జారీ కావాలంటే పది లక్షలు కావాలి. అంటే కాగితం మీద ఇంకా ప్రమాదం లేదు. విశాలంగా పరుచుకున్న చోట కొలిచిన ఐదు లక్షలు, కొండల ఇరుకులోకి వచ్చేసరికి ఏమవుతాయో ఆ కాగితానికి తెలియదు. కచ్చులూరు దగ్గర ఆ నీళ్లు బోటును పక్కకు వాల్చాయి. మధ్యాహ్నం భోజనాల వేళ. పై అంతస్తులో ఉన్నవాళ్లు నీళ్లలో పడ్డారు. కింది అంతస్తులో ఉన్నవాళ్లను బోటు తనతోనే తీసుకెళ్లింది.

ఆ క్షణాన అక్కడికి ముందుగా చేరింది ఎవరు? హెలికాప్టర్లు తర్వాత వచ్చాయి. విపత్తు దళాలు తర్వాత వచ్చాయి. నౌకాదళం గజఈతగాళ్లు తర్వాత వచ్చారు. అందరికంటే ముందు తూటుగుంట నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి నాటుపడవలు వచ్చాయి. ఆ పడవలకు పెద్ద ఇంజన్ల బలం లేదు. వాటి మీద ఉన్నవాళ్లకు యూనిఫారం లేదు, జీతం లేదు, ఎవరి ఆజ్ఞా లేదు. రెండంతస్తుల బోటును మింగిన నీళ్లలోకి నాలుగు చెక్కల పడవను నడిపించడం అంటే ఏమిటో ఆ నీళ్లు తెలిసినవాళ్లకే తెలుసు. తెలిసే వెళ్లారు. కొట్టుకుపోతున్న చేతిని పట్టుకుని పడవలోకి గుంజారు. 26 మంది బతికారు. కడిపికొండ నుంచి వచ్చిన 14 మందిలో ఐదుగురే ఇంటికి తిరిగి వెళ్లారు. ఆ ఐదుగురిని ఇంటికి పంపింది కూడా ఒడ్డునుంచి వచ్చిన ఆ పడవలే.

అన్నలారా, తమ్ములారా! పోడు చేసుకునే చేతులవి, వెదురు కొట్టుకునే చేతులవి, వల విసిరే చేతులవి. మునిగేవాడిది ఏ ఊరని మీరు అడగలేదు. ఏ కులమని అడగలేదు. సుడి ఎటు తిరుగుతోందో, అది వదిలే ఒక్క గడియ ఎప్పుడో మీ నాన్నలు మీకు చెప్పి ఉంటారు. ఆ ఒక్క గడియలో తెడ్డు వేశారు. మీ తెడ్డుకు నమస్కారం.

* * *

బతికినవాళ్లు ఒడ్డుకు చేరాక, నది అడుగున ఒక బోటు మిగిలింది. అందులో మనుషులు మిగిలారు.

ఒడ్డున వాళ్ల తాలూకు జనం కూర్చున్నారు. మనిషి పోయాడని తెలిశాక కూడా కదలని ఎదురుచూపు అది. దేహం చేతికి రానిదే కర్మ చెయ్యలేరు. పిండం పెట్టలేరు. పెళ్లాం బొట్టు తీయలేదు, తల్లి ఆశ వదలలేదు. మునిగిన పడవను వెతకడం అంటే ఇదే పని. కొందరికి అది నిధి వేట, కొందరికి చరిత్ర పరిశోధన. గోదారి ఒడ్డున మాత్రం అది ఒక ఇంటి తలుపు దగ్గర ఆగిపోయిన కాలాన్ని మళ్లీ కదిలించే పని.

ధ్వని తరంగాలతో నది అడుగును వెతికే సోనార్ పరికరాలు తెచ్చారు. బోటు రెండు వందల అడుగులకు పైగా లోతులో ఉందని తేలింది. ఆ లోతు ఏమిటో ఒక్కసారి తలుచుకోండి. ప్రతి పది మీటర్లకు మనిషి మీద ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. అరవై మీటర్ల దగ్గర, ఒడ్డున ఉన్న దానికి ఏడు రెట్లు. వీపున మోసే సిలిండరులో గాలి ఏడు రెట్లు వేగంగా అయిపోతుంది. ఆ ఒత్తిడికి గాలిలోని నత్రజని రక్తంలోకి ఇంకి బుర్రను మత్తెక్కిస్తుంది. భయపడి గబగబా పైకి వస్తే అదే నత్రజని బుడగలై కీళ్లను, వెన్నును పట్టేస్తుంది. సముద్రంలో దిగేవాడికి కనీసం వెలుగు కొంత తోడుంటుంది. వరద గోదారిలో చేయి ముందుకు చాపితే ఆ చేయి కనపడదు. ఒండ్రు కలిసిన చీకటి. పైగా మనిషిని నిలబడనివ్వని ప్రవాహం. అక్కడ కన్ను పనిచేయదు, వేళ్లే చూడాలి.

ఎందరో ప్రయత్నించి వెనక్కి తగ్గిన ఆ పనికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం వచ్చాడు. మునిగిన పడవలను బయటికి తీయడమే బతుకుగా చేసుకున్న మనిషి. బాలాజీ మెరైన్స్ పేరుతో, 22.70 లక్షల రూపాయల ఒప్పందంతో, తన మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. కాకినాడ రేవు పనితనం ఎలా ఉంటుందో ఆ రోజుల్లో రాష్ట్రమంతా చూసింది. ఇనుప తాళ్లు, నైలాన్ తాళ్లు, లంగర్లు, ఒడ్డున ఒక ప్రొక్లెయిన్. నదిలో పంటు మీద తిరుగుతూ బోటు ఉన్నచోటి చుట్టూ తాడు వలయంగా వదలడం, రెండు కొసలూ ఒడ్డుకు తెచ్చి లాగడం. లంగరుకు ఏదో తగిలేది. ఒడ్డున జనం ఊపిరి బిగబట్టేవాళ్లు. తాడు తెగేది. మళ్లీ కొత్త తాడు. వాన వచ్చేది, వరద పెరిగేది, అధికారులు పని ఆపమనేవాళ్లు. నీళ్లు తగ్గాక మళ్లీ లంగరు. చదివిన పుస్తకంలో లేని విద్య అది. తాడు చేతిలో వణికే తీరును బట్టి, అడుగున పట్టింది రాయో, చెట్టో, బోటో చెప్పగలిగే విద్య.

విశాఖ నుంచి గజఈతగాళ్లు వచ్చారు. నీళ్లలోకి దిగి, ఆ చీకట్లో చేతులతో తడిమి, బోటును పట్టి తాడు కట్టారు. వాళ్లు దిగిన ప్రతిసారీ పైన తాడు పట్టుకుని ఒక తోటివాడు నిలబడ్డాడు. కిందివాడి ప్రాణం పైవాడి పిడికిలిలో ఉంటుంది. ఆ పిడికిలికి కూడా నమస్కారం.

అక్టోబరు 22. ప్రమాదం జరిగిన 38వ రోజు. ముక్కలు ముక్కలుగా, బురద కారుతూ, రేకులు నలిగిపోయి, 'రాయల్ వశిష్ఠ' ఒడ్డుకు చేరింది. లోపల ఇంకా మనుషులున్నారు. గుర్తుపట్టడానికి ముఖాలు మిగల్లేదు. బట్టలను బట్టి, వంటి మీది వస్తువులను బట్టి అయినవాళ్లను పోల్చుకున్నారు. ఏడ్చారు. తీసుకెళ్లారు. సాగనంపారు. అందరూ దొరకలేదు. దొరికినంత మేరకు, కొన్ని ఇళ్లలో దీపం పెట్టుకునే హక్కు తిరిగి వచ్చింది. సత్యం మనుషులు ఆ ఒడ్డున సాధించింది అదే. నా దృష్టిలో అంతకు మించిన నిధిని ఏ సముద్రం అడుగు నుంచీ ఎవరూ తీయలేదు.

* * *

ప్రపంచమంతా మునిగిన ఓడల కథలు చెప్పుకుంటుంది. ఆ కథల్లో మొదటి వాక్యం దాదాపు ఒకటే. నీళ్ల మీద బతికేవాడు నీళ్లలో ఏదో చూశాడు.

1900లో గ్రీసులోని ఆంటికితెరా దీవి దగ్గర స్పాంజీలు ఏరుకునే ఈతగాళ్లు సముద్రం అడుగున కంచు విగ్రహాలను చూశారు. రెండు వేల ఏళ్ల నాటి ఓడ అది. సూర్యచంద్రుల గతులను పళ్లచక్రాలతో లెక్కగట్టే యంత్రం అందులోనే దొరికింది. ఆ పనిలో ఒక ఈతగాడు ప్రాణం వదిలాడు, ఇద్దరికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. లోతు ఒత్తిడి చేసిన పని అది. 1982లో టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర ఇంకో స్పాంజీ ఈతగాడు రాగి దిమ్మెలను చూసి తన పడవ కెప్టెన్‌కి చెప్పాడు. ఆ మాట పట్టుకుని వెళ్లిన పరిశోధకులు 1984 నుంచి 1994 వరకు 22,413 సార్లు నీళ్లలోకి దిగారు. మూడు వేల మూడు వందల ఏళ్ల నాటి ఓడ, దాని నిండా రాగి, తగరం, గాజు, ఏనుగు దంతం. శ్రీలంక దక్షిణ తీరంలో గొడవాయ దగ్గర శంఖాలు ఏరే మనుషులకు పాత కుండలు కనిపించాయి. ఆ జాడ పట్టి వెళితే హిందూ మహాసముద్రంలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అత్యంత పాతదని చెప్పే ఓడ బయటపడింది. ఇంచుమించు రెండు వేల ఏళ్ల కిందటిది. గాజు ముద్దలు, ఇనుము, నూరుడు రాళ్లు మోసుకెళుతూ మునిగింది.

అదే కాలంలో మన నేల మీద సాతవాహనులు ఉన్నారు. యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడను ముద్రించుకున్నాడు. ఓడను రాజముద్రతో సమానంగా నిలబెట్టిన తీరం మనది. ఆ ఓడల్లో ఎన్ని తిరిగి రేవు చేరాయో, ఎన్ని అడుగున ఉన్నాయో మన సముద్రాన్ని అడగాలి. నౌకలు కట్టడంలో పేరుమోసిన కోరంగిని 1839 నవంబరు తుపాను ఊడ్చేసింది. గోదారి సముద్రంలో కలిసే చోటే ఆ రేవు ఉండేది. తల్లీ, నీ పాయల చివర కూడా నీటి కింద పడవలే!

విశాఖ ఎదుట ఇంకో ఓడ ఉంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. మన తీరం మీదికి యుద్ధానికి వచ్చి, 90 మందికి పైగా నావికులతో అక్కడే ఆగిపోయింది. 2024లో మన నౌకాదళం లోతు నీళ్లలో దిగే రక్షణ వాహనంతో దాని శిథిలాలను గుర్తించింది. గుర్తించి, తాకకుండా వదిలేసింది. శత్రువైనా సరే, నీటిలో నిద్రపోయినవాణ్ణి లేపకూడదన్న మర్యాద అది. కచ్చులూరులో బయటికి తీయడం ధర్మం. విశాఖలో వదిలేయడం ధర్మం. నీటిలోకి దిగేవాడికి ఈతతోపాటు ఈ తేడా తెలిసిన మనసు కూడా ఉండాలి.

స్పాంజీ ఏరేవాడు, శంఖం ఏరేవాడు, చేపలు పట్టేవాడు, నాటుపడవ నడిపేవాడు. మునిగిన ఓడల్లో ఎన్నింటి దగ్గరికో ముందుగా వెళ్లింది వీళ్లే. శాస్త్రం వాళ్ల వెనకే వెళ్లింది. ప్రభుత్వం శాస్త్రం వెనక వెళ్లింది. పుస్తకాల్లో మాత్రం ఆ వరుస తిరగబడి ఉంటుంది. ముందు వెళ్లినవాడు చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, చాలాసార్లు పేరు లేకుండా ఉంటాడు. ఆ వరుసను సరిచేయడానికే ఈ నాలుగు మాటలు.

* * *

ఇప్పుడు అసలు బాధ చెప్పాలి.

కచ్చులూరులో మునిగేవాళ్లను పట్టి లాగిన ఆ ఒడ్డే నీటి కిందికి వెళుతోంది. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ నీళ్లు నిలబడితే దేవీపట్నం మండలపు పల్లెలు ముంపులో ఉంటాయి. 2014 వరకు ఖమ్మం జిల్లావైన కూనవరం, వరరామచంద్రాపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లోని ఊళ్లు ముంపులో ఉంటాయి. ప్రాజెక్టు నిండకముందే, వరద వచ్చిన ప్రతి ఏడూ ఆ పల్లెలు కొండల మీదికి ఎక్కి గుడారాల కింద తలదాచుకున్నాయి. సుడి గుట్టు తెలిసిన మనిషి మైదానంలో కాలనీ ఇంటికి వెళ్లిపోతాడు. అక్కడ అతనికి ఒక గది, ఒక నంబరు ఉంటాయి. నది ఉండదు. అతని కొడుక్కి ఈత రాదు. ఏ బండ పక్కన నీళ్లు వెనక్కి తిరుగుతాయో, ఏ నెలలో ఏ రేవు మోసం చేస్తుందో తెలిసిన జ్ఞానం ఎక్కడా రాసిలేదు. అది మనుషుల భుజాల్లో, చెవుల్లో ఉంది. ఆ మనుషులు ఒడ్డు వదిలిన రోజున అదీ మునుగుతుంది. లంగరు వేసి లాగడానికి దానికి చెక్క లేదు, రేకు లేదు. ఏ సత్యమూ దాన్ని పైకి తీయలేడు.

డెల్టాలో పంట పండాలి. విద్యుత్తు కావాలి. ఆ అవసరాన్ని నేను తక్కువ చేయను. నీళ్లు పొందేవాళ్లు నీళ్లలోకి వెళ్లేవాళ్లను ఎరిగి ఉండాలని మాత్రం గట్టిగా అంటాను. ఆ 26 మందిని బతికించిన పల్లెలకు రెండు తెలుగు రాష్ట్రాలూ రుణపడి ఉన్నాయి. ఆ రుణం ఒక్క శాలువాతో, ఒక్క ఫొటోతో తీరేది కాదు.

* * *

అందుకని అడుగుతున్నాను.

గండిపోచమ్మ రేవులోనో, పోచవరం రేవులోనో ఒక రాయి నిలబెట్టండి. కచ్చులూరులో పోయినవాళ్ల పేర్లు చెక్కండి. మంటూరులో పోయిన గిరిజనుల పేర్లు వాటి పక్కనే, అదే సైజు అక్షరాల్లో చెక్కండి. కింద తెడ్డేసిన వాళ్ల పేర్లు చెక్కండి. తాళ్లు లాగిన కాకినాడ మనుషుల పేర్లు, చీకట్లో తడిమిన విశాఖ ఈతగాళ్ల పేర్లు చెక్కండి. బోటు ఎక్కే ప్రతివాడూ ఎక్కేముందు ఆ రాయిని చదవాలి.

పాత సరంగులు ఇంకా ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం దాకా ప్రతి సుడి, ప్రతి గుండం, ప్రతి బండ ఎక్కడుందో చెప్పించుకోండి. ఏ నీటిమట్టానికి ఏ చోటు ఎలా మారుతుందో రాయించుకోండి. విశ్వవిద్యాలయాలు ఆ పని చేయాలి. పడవ రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టినందుకు సంతోషమే, కానీ ఆ గదిలో కూర్చున్నవాడికి ఈ నీటి పటం చేతిలో ఉండాలి. ధవళేశ్వరం అంకె చూసి పాపికొండలను అంచనా వేయకూడదని ఆ గదికి తెలియాలి.

నది మీద రక్షణ దళం అంటూ ఒకటి పెడితే, అందులో మొదటి ఉద్యోగాలు ఈ ఒడ్డు కొండరెడ్డి, కోయ యువకులకు ఇవ్వండి. శిక్షణ ఇవ్వండి, పరికరాలు ఇవ్వండి, నెలనెలా జీతం ఇవ్వండి. కాలనీకి వెళ్లినా వాళ్ల బతుకు నది మీదే ఉండనివ్వండి. తండ్రి దగ్గర నేర్చినది కొడుక్కి చేరే దారి అదొక్కటే.

పాపికొండలు చూడబోయే పాఠకులారా, మీకూ ఒక మాట. వెళ్లండి. అంత అందమైన చోటు మన నేల మీద అరుదు. బోటు ఎక్కగానే లైఫ్ జాకెట్ తొడుక్కోండి, పిల్లలకు ముందు తొడగండి, ఒడ్డుకు దిగేదాకా విప్పకండి. ఈ రోజు నీళ్లు బాగాలేవని సరంగు అంటే, కట్టిన టికెట్ డబ్బులు చూసుకోకుండా వెనక్కి తిరగండి. దారిలో నాటుపడవ మీద ఎవరైనా కనిపిస్తే చేయి ఊపి పలకరించండి. మీ బోటుకు ఏదైనా జరిగితే ముందుగా మీ దగ్గరికి వచ్చేది ఆ మనిషే.